18 అడుగుల హాలు, నల్గొండ బోరు నీళ్లు

మేము నల్గొండలో కొత్త ఫ్లాట్‌లోకి మారి రెండేళ్లు దాటింది. హైదరాబాద్ రోడ్డు వైపు ఒక అపార్ట్‌మెంట్‌లో చివరి అంతస్తు, డూప్లెక్స్. హాలు ఎత్తు 18 అడుగులు. అంతకుముందు పదిహేనేళ్లు రామగిరిలో అద్దెకున్నాం. అక్కడ స్టూలు వేసుకుని ఫ్యాన్ రెక్కలు తుడిచేదాన్ని. ఇక్కడ సామానంతా సర్దాక కూడా హాలు ఖాళీగానే ఉంది. సోఫా, టీవీ, దివాన్ అన్నీ కింది నాలుగడుగుల్లోనే ఉండిపోయాయి. వాటి పైన 14 అడుగుల తెల్లగోడ. కాస్త గట్టిగా మాట్లాడితే మాట గోడకు తగిలి తిరిగొచ్చేది.

ఆ ఖాళీ చూడగానే నాకు మొక్కలే మనసులో మెదిలాయి. మాది తిప్పర్తి దగ్గర పల్లె, నేను బత్తాయి తోటలో పెరిగినదాన్ని. పెళ్లయ్యాక ఇన్నేళ్లూ అద్దె ఇంటి వరండాలో ఒక తులసి కుండీ, రెండు మందార కుండీలతో సరిపెట్టుకున్నాను. సొంత ఇంట్లో ఇంత వెలుతురు, ఇంత ఎత్తు దొరికాక ఇక ఆగలేకపోయాను.

మొదట ఎనిమిది చిన్న మొక్కలు తెచ్చాను. స్పైడర్ ప్లాంట్లు, పీస్ లిల్లీలు, రెండు స్నేక్ ప్లాంట్లు, ఇలా. గోడ వారన వరసగా పెట్టాను. మరునాడు పొద్దున మెట్లు దిగుతూ చూస్తే అవి ఉన్నట్టే లేదు. పదడుగుల గదిలో కిటికీ దగ్గర ముద్దుగా కనిపించే అడుగు మొక్క, 18 అడుగుల గోడ కింద కంటికి ఆనదు. ఎనిమిదికి మరో ఎనిమిది కలిపినా అంతే. చిన్నవి ఎన్ని పెడితే గోడ అంత పెద్దగా కనిపిస్తుంది.

ఆ వారమే మళ్లీ నర్సరీకి వెళ్లి పెద్దవి తెచ్చాను. ఏడడుగుల అరెకా పామ్‌లు రెండు, ఆరడుగుల కార్న్ ప్లాంట్ ఒకటి, వేలాడదీయడానికి నాలుగు ఫెర్న్ బుట్టలు. కిరాయితో కలిపి తొమ్మిది వేలు దాటింది. ఇవన్నీ కడియం నుంచి లారీలో దిగిన మొక్కలని నర్సరీ అతను చెప్పాడు. రాజమండ్రి పక్కన కడియంలో గోదావరి నీళ్లు తాగి, షేడ్‌నెట్ కింద తేమ గాలిలో పెరిగిన మొక్కలు అవి. వాటిని మార్చి నెలలో తెచ్చి, నల్గొండ పొడి గాలిలో, ఎండకు కాలే స్లాబు కింద పెడుతున్నానన్న ఆలోచన నాకు అప్పుడు రాలేదు.

నెలన్నర గడిచేసరికి అరెకా ఆకుల కొసలు మాడిపోయాయి. కార్న్ ప్లాంట్ ఆకుల అంచుల వెంట గోధుమ రంగు గీత పడింది. స్పైడర్ ప్లాంట్ అయితే ప్రతి ఆకు కొసకూ అగ్గిపుల్ల తగిలించినట్టు ఉండేది. నీళ్లు చాలడం లేదనుకున్నాను. రోజూ పోశాను. పీస్ లిల్లీలు వేరు కుళ్లి పోయాయి. మొక్కలంటే నాకు తెలుసన్న ధైర్యం ఉండేది, అందుకే ఆ టెన్షన్ ఇంకా ఎక్కువైంది. రాత్రి లేచి వెళ్లి ఆకులు చూసుకున్న రోజులున్నాయి.

ఏప్రిల్ చివర్లో మా నాయిన ఊరి నుంచి వచ్చాడు. చెప్పులు విడిచి నేరుగా కుండీల దగ్గరికే పోయాడు. ఆకులు చూడలేదు, వంగి కుండీ అంచును గోటితో గీకాడు.

"గీ తెల్లగ పేరుకున్నది చూసినవా బిడ్డా? ఉప్పు గిది. ఏడి నీళ్లు పోస్తున్నవ్?"

"ఆర్వో మిషన్ నుంచి వచ్చే వేస్ట్ నీళ్లు నాయినా. బకెట్లకు బకెట్లు పారబోయబుద్ధి కాలే."

"మంచియి మనం తాగి, అడుగుకు మిగిలిన చెడంత దీనికి పోస్తున్నమన్నట్టు."

నా చేయి అక్కడే ఆగిపోయింది. మా అపార్ట్‌మెంట్‌లో ఇంటి వాడకానికంతా బోరు నీళ్లే. ఆర్వో కూడా బోరు లైనుకే పెట్టించాం. కృష్ణా నీళ్ల కుళాయి యుటిలిటీలో వేరే ఉంది, రోజు విడిచి రోజు వస్తాయి. బోరు నీళ్లలో ఉన్న లవణాలు ఆర్వోలో మాయమైపోవు, వేస్ట్ పైపులోకి వెళ్లి చిక్కబడతాయి. నేను సైన్సు టీచర్ని. పటిక, సున్నం కలిపి నీళ్లలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతికి మా జిల్లా పేరుతోనే 'నల్గొండ టెక్నిక్' అని పేరుందని, దాన్ని నాగ్‌పూర్‌లోని నీరి (NEERI) పరిశోధన సంస్థ రూపొందించిందని ఏటా పిల్లలకు చెబుతాను. మునుగోడు, మర్రిగూడ వైపు వంగిపోయిన కాళ్లతో, పసుపుబారిన పళ్లతో బతికిన మనుషులను చూస్తూ పెరిగాను. ఆ నీళ్లు మొక్కనూ వదలవని నాకు తట్టలేదు.

బోరు నీళ్లు పరీక్ష చేయించాం. లీటరుకు 2.3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉందని వచ్చింది. తాగే నీటిలో 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దారి లేనిచోట 1.5 దాకా ఒప్పుకుంటారు. ఇక ఆర్వో వేస్ట్‌లో అది ఇంకెంత ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు.

తర్వాత పుస్తకాలు తిరగేసి తెలుసుకున్నాను. వేర్లు పీల్చిన నీళ్లతో పాటు ఫ్లోరైడ్ ఆకు కొసకూ అంచుకూ చేరుతుంది. అక్కడ నీళ్లు ఆవిరైపోతాయి, అది మాత్రం మిగిలిపోయి పేరుకుంటుంది. అందుకే ఎప్పుడూ కొస దగ్గరే మాడుతుంది. అన్ని మొక్కలకూ ఈ బాధ ఒకేలా ఉండదు. డ్రసీనాలు, స్పైడర్ ప్లాంట్, పీస్ లిల్లీ, అరెకా లాంటి పామ్‌లు దీనికి తొందరగా లొంగిపోతాయి. కార్న్ ప్లాంట్ కూడా డ్రసీనాయే. అంటే నర్సరీలో వందల మొక్కలుంటే, నేను ఏరి ఏరి ఫ్లోరైడ్ పడని వాటినే తెచ్చుకున్నాను. పైగా బలమిస్తుందని నాయిన తోట కోసం తెచ్చిన సూపర్ ఫాస్ఫేట్ పిడికెడు అడిగి తెచ్చి వేశాను. ఆ ఎరువులోనూ ఫ్లోరైడ్ ఉంటుంది.

బకెట్‌లో రాత్రంతా నిలవ ఉంచితే చాలని ఎవరో చెప్పారు. దానితో క్లోరిన్ పోతుంది కానీ ఫ్లోరైడ్ పోదు. మరగబెట్టినా పోదు, నీళ్లు ఇగిరి ఇంకా ఎక్కువవుతుంది. కాబట్టి నీళ్లనే మార్చాను. కృష్ణా నీళ్లు వచ్చిన రోజు రెండు డ్రమ్ములు నింపి పెట్టుకుంటాను. వేసవిలో ఏసీ పైపు నుంచి కారే నీళ్లు కూడా పట్టుకుంటాను. అవి గాలిలోని తేమ నుంచి వచ్చినవి కాబట్టి లవణాలు దాదాపు ఉండవు. వానకాలంలో టెర్రస్ మీద టబ్బులు పెడతాను. పాత ఉప్పు కడిగిపోయేలా ఒక్కో కుండీని బాల్కనీలోకి జరిపి, అడుగు నుంచి ధారగా కారేదాకా మంచి నీళ్లు మూడుసార్లు పోశాను. కార్న్ ప్లాంట్ అప్పటికే చేయి దాటిపోయింది. అరెకాల్లో ఒకటి ఎండిపోయింది. రెండోదాన్ని నాయిన ట్రాలీలో వేసుకుని ఊరికి తీసుకెళ్లాడు.

హాలు మళ్లీ ఖాళీ అయింది. ఈసారి తొందరపడలేదు. రెండు నెలలు ఒక్క మొక్క కూడా కొనకుండా ఇంట్లోకి వెలుతురు ఎలా వస్తుందో చూశాను. ఎత్తయిన ఇల్లంటే లోపలంతా వెలుతురే అనుకుంటాం. అది నిజం కాదు. మా హాలు దక్షిణం గోడకు 12 అడుగుల ఎత్తైన కిటికీ అద్దం ఉంది. డిసెంబర్ మధ్యాహ్నం ఎండ ఆ అద్దం గుండా దాదాపు పదడుగులు లోపలికి వచ్చి సోఫా మీద పడుతుంది. మే నెలలో సూర్యుడు నడినెత్తికి వచ్చేస్తాడు కాబట్టి మధ్యాహ్నం అదే అద్దం దగ్గర నేల మీద జానెడు ఎండ కూడా ఉండదు. పడమటి కిటికీ మాత్రం చిన్నదైనా వేసవి సాయంత్రాలు నిప్పులు కురుస్తుంది. ఫోన్‌లో వెలుతురు కొలిచే యాప్ వేసుకుని చూస్తే, పగటిపూట అద్దానికి మూడడుగుల్లో 6,000 లక్స్ చూపింది, ఎదురుగోడ దగ్గర 300 కూడా లేదు. నా కంటికి మాత్రం రెండు చోట్లా వెలుగు ఒకేలా ఉంది. మన కన్ను సర్దుకుంటుంది, మొక్క సర్దుకోలేదు. యాప్ లేకపోయినా ఫర్వాలేదు. తెల్ల కాగితం మీద చేయి అడ్డం పెడితే, వేళ్లు విడివిడిగా కనిపించే నీడ పడిన చోట చాలా మొక్కలు బతుకుతాయి. నీడ అలికినట్టుంటే స్నేక్ ప్లాంట్, జీజీ ప్లాంట్ తప్ప ఇంకేదీ వద్దు.

ఎత్తు సంగతి కూడా అప్పుడే అర్థమైంది. 18 అడుగులు ఉన్నంత మాత్రాన 18 అడుగులూ నింపనక్కర్లేదు. తొమ్మిదడుగుల దాకా ఆకు కనిపిస్తే చాలు, ఆ పై గోడ ఆకాశంలా ఖాళీగా ఉంటేనే కింది పచ్చదనానికి అందం. దాంతో ఒక పెద్ద మొక్క, ఒక ఎక్కే తీగ, పై అంతస్తు రెయిలింగ్ నుంచి జారే తీగ, ఈ మూడింటి మీదే దృష్టి పెట్టాను.

పెద్ద మొక్కగా రబ్బరు మొక్కను ఎంచుకున్నాను. మర్రి, రావి కుటుంబంలోదే, గట్టి ప్రాణం. ఏడడుగులది కొనకుండా నాలుగడుగులది కొన్నాను. చిన్న వయసులో వచ్చిన మొక్క మన గాలికి, మన వెలుతురుకు తగ్గట్టు కొత్త ఆకు వేసుకుంటుంది. పెద్దది కొంటే పాత ఆకులు రాల్చి, తేరుకోవడానికి చాలా కాలం తీసుకుంటుంది. అద్దం పక్కన నాలుగడుగుల్లో పెట్టాను. మొదటి నెల ఐదాకులు రాల్చింది. కదిలించకుండా ఓపిక పట్టాను. ఇప్పుడు ఆరున్నర అడుగులు.

దాని కుండీ కథ వేరే ఉంది. అంత మొక్కకు మామూలు ప్లాస్టిక్ కుండీ సన్నగా, మొండెం లేని తలలా కనిపించింది. పెద్ద ఫైబర్ కుండీ ఐదు వేలు చెప్పారు. ఊర్లో మా కొట్టం వెనక కుడితి గోళెం ఒకటి ఎద్దులు అమ్మినప్పటి నుంచి బోర్లా పడి ఉంది. మట్టిది, నడుము ఎత్తు, అంచున చేతి వేళ్ల గీతలు. దాన్నే తెచ్చి కడిగి పెట్టుకున్నాను. గోళెం నిండా మట్టి పోస్తే మోయలేని బరువవుతుంది, వేర్లు కుళ్లినా తెలియదు. లోపల ఇటుకలు పేర్చి వాటి మీద మొక్క ఉన్న ప్లాస్టిక్ కుండీ పెట్టాను. వారానికోసారి కుండీ ఎత్తి అడుగున నిలిచిన నీళ్లు తీసేస్తాను. ఇంటికి వచ్చినవాళ్లందరూ మొక్క కంటే ముందు గోళెం మీద చేయి వేస్తారు. మా అత్తమ్మ అయితే దాని పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంటుంది.

మట్టి మిశ్రమం నాయిన చెప్పినట్టే కలిపాను. రెండు పాళ్లు ఎర్ర చెల్క మట్టి, ఒక పాలు మాగిన పశువుల ఎరువు, ఒక పాలు కొబ్బరి పొట్టు, ఒక పాలు సగం కాల్చిన వడ్ల ఊక. మిర్యాలగూడ రైసు మిల్లుల పుణ్యమా అని ఊకకు మన దగ్గర కొదవ లేదు. ఊక వేస్తే మట్టి గట్టిపడదు, నీళ్లు నిలవవు. కుండీలో కుళ్లకుండా ఉండటమే మొదటి మాట, బలం తర్వాత.

ఇక మనీ ప్లాంట్. అందరిళ్లలో ఉండేదే కదా అని మొదట్లో దాని వైపు చూడలేదు. ఇప్పుడు ఈ హాలుకు అదే ప్రాణం. ఒకే తల్లి తీగ నుంచి రెండు ముక్కలు కోసి, ఒకదాన్ని తొమ్మిదడుగుల పీవీసీ పైపుకు కొబ్బరి తాడు చుట్టి దాని మీదికి ఎక్కించాను. రెండోదాన్ని పై అంతస్తు రెయిలింగ్ కుండీలో పెట్టి కిందికి వదిలాను. ఏడాది తర్వాత జారే తీగ ఆకు నాలుగంగుళాలు, ఎక్కే తీగ ఆకు పదకొండంగుళాలు. అడవిలో ఈ తీగ చెట్టు పట్టుకుని పైకి పోతుంది. కణుపుల దగ్గరి వేర్లకు పట్టు దొరికితే ఆకు పెద్దది చేస్తుంది, పట్టు లేక వేలాడితే చిన్నదిగానే ఉంచుతుంది. పట్టు నిలవాలంటే తాడు ఎప్పుడూ కాస్త తడిగా ఉండాలి. రోజూ పొద్దున స్ప్రే కొడతాను. ఇంట్లో పసిపిల్లలుంటే దీన్ని చేతికి అందనివ్వకూడదు. ఆకు నమిలితే నోరు మంటపుట్టి వాస్తుంది. మా చెల్లె కొడుకు పాకే రోజుల్లో కింది తీగలన్నీ పైకి ఎత్తి కట్టాను.

ఫెర్న్ బుట్టల గురించి చెప్పాలి, ఎందుకంటే అక్కడ పెద్ద ప్రమాదమే తప్పింది. ఇంటీరియర్ పని చేసినతను నాలుగు కొక్కేలను ఫాల్స్ సీలింగ్‌కే బిగించి వెళ్లాడు. తడిసిన బుట్ట ఒక్కోటి ఏడెనిమిది కిలోలుంటుంది. ఒక రాత్రి రెండు గంటలకు ఒకటి కొక్కెంతో సహా కింద పడింది, జిప్సం ముక్కతో కలిపి. పగలు అదే చోట మా బాబు కూర్చుని చదువుకుంటాడు. పొద్దున్నే మిగిలిన మూడూ దింపేశాం. వేలాడదీసేది ఏదైనా అసలు కాంక్రీట్ స్లాబులోకి యాంకర్ బోల్టు దిగాలి. ఇందులో రాజీ పడొద్దని ఎవరికైనా గట్టిగా చెబుతాను.

అయినా ఆ ఫెర్న్‌లు అక్కడ బతికేవి కావు. వేడి గాలి పైకి పోతుంది. మే నెలలో ఒక సాయంత్రం కింద 34 డిగ్రీలున్నప్పుడు, నిచ్చెన వేసి 15 అడుగుల దగ్గర థర్మామీటర్ పెడితే 38 చూపింది. తేమ కోరే ఫెర్న్‌ను తీసుకెళ్లి ఇంట్లో అన్నిటికంటే వేడి, పొడి చోట కట్టాను. పైగా నీళ్లు పోయాలంటే ప్రతిసారీ నిచ్చెన. దానికి ఉపాయం కూడా నాయినే చెప్పాడు.

"బాయికాడ బొక్కెన ఎట్ల దింపుతం? గిరక కట్టు. మొక్కను నువ్వే కిందికి పిలుచుకో."

స్లాబుకు యాంకర్ వేయించి రెండు ఇనుప గిరకలు బిగించాం. నైలాన్ తాడు గోడ పక్కకు తెచ్చి, పిల్లలకు అందని ఎత్తులో గట్టి కొక్కేనికి ముడేస్తాం. ఇప్పుడు బుట్టలు పదడుగుల ఎత్తులోనే ఉంటాయి, ఫ్యాన్ గాలికి, ఏసీ గాలికి దూరంగా. వాటిలో ఫెర్న్‌లు కాదు, మనీ ప్లాంట్, మందపాటి ఆకుల హోయా తీగ ఉన్నాయి. తాడు వదిలితే బుట్ట నెమ్మదిగా చేతిలోకి దిగుతుంది. నీళ్లు పోసి, కారడం ఆగాక మళ్లీ పైకి లాగుతాం. ఆదివారం పొద్దున ఆ పని మా బాబుది.

మిగిలిన గోడకు మొక్కలు పెట్టలేదు. పోచంపల్లి ఇక్కత్ గుడ్డ, పదడుగుల పొడవుది, ముదురు నీలం మీద తెల్ల గళ్లది, నిలువుగా వేలాడదీశాను. దాని ముందు రబ్బరు మొక్క నిలబడితే ఆకుల ఆకారం స్పష్టంగా తెలుస్తుంది. తెల్లగోడ ముందు అదే మొక్క కొంచెం వెలవెలబోయేది. మాట తిరిగి రావడం కూడా ఆ గుడ్డతో చాలా తగ్గింది. జీజీ, స్నేక్ ప్లాంట్లను మేదరి గంపల్లో పెట్టి వేర్వేరు ఎత్తుల పీటల మీద గోళెం పక్కన గుంపుగా ఉంచాను. గోడ పొడుగునా వరస కట్టినప్పుడు లేని నిండుదనం, ఒకే మూలన మూడు నాలుగు కలిసి ఉంటే వచ్చింది. రాత్రి పూట గోళెం వెనక నేల మీద ఒక చిన్న ఎల్ఈడీ లైటు పైకి తిప్పి పెడతాం. రబ్బరు ఆకుల నీడ గోడ మీద పదిహేనడుగుల దాకా ఎక్కుతుంది. ఈ ఇంట్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఆ నీడే. కరెంటు పోయినప్పుడు మా బాబు ఫోన్ లైటుతో దాన్ని గోడంతా నడిపిస్తాడు.

వేసవి మాత్రం ఇంకా కష్టమే. పోయిన మే నెలలో ఎండ 44 డిగ్రీలు దాటాక హోయా ఆకుల కింద సాలెగూడు లాంటి సన్నని బూజు, ఆకు మీద దుమ్ము లాంటి చుక్కలు కనిపించాయి. ఫొటో తీసి పంపితే నాయిన చూసిన వెంటనే "నల్లి" అన్నాడు. మంచాల్లో ఉండే నల్లి కాదు, ఆకు రసం పీల్చే సన్న పురుగు. బత్తాయి కాయకు మంగు, అంటే తుప్పు రంగు మచ్చ, తెచ్చే నల్లికి ఇది చుట్టమే. పొడి వేడికి త్వరగా పెరుగుతుంది. బుట్టల్ని దింపి ఆకుల అడుగు వైపు నీళ్ల ధారతో కడిగి, లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బు ద్రవం కలిపి సాయంత్రం పూట చల్లాను. వారం తేడాతో మూడుసార్లు. గిరక లేకపోతే ఈ పని చేయగలిగేదాన్ని కాదు. ఆ నెలంతా పడమటి కిటికీకి వట్టివేళ్ల తడక కట్టాను.

ఊరికి పోయిన అరెకాను నాయిన బాయికాడ వేపచెట్టు నీడలో నాటకుండా కుండీతోనే ఉంచాడు. దానికి కాలువ నీళ్లు, వాన నీళ్లు మాత్రమే పోశాడట. మాడిన మట్టలన్నీ ఒక్కొక్కటే పోయాయి. ఈ జూన్‌లో వెళ్లి చూస్తే కొత్త మట్టలు నాలుగు విచ్చుకున్నాయి, కొసదాకా పచ్చగా. "తీస్కపోతవా?" అని అడిగాడు నాయిన. హాల్లో దానికి సరిపడే చోటు అద్దం పక్కన ఒకటి ఉంది, కొలిచి పెట్టుకున్నాను. రోజూ దానికి చాలినన్ని మంచి నీళ్లు నిలవ చేయడానికి మూడో డ్రమ్ము కొనాలి. ఈ దసరాకు తెచ్చుకుంటానని చెప్పి వచ్చాను.